వీలైనంత త్వరగా

అక్టోబరు 10, శుక్రవారం

నిన్నటి పేజీలో నువ్వు రాసింది తప్పు, మ్యూరియల్. "రోవన్‌కి అనుకోకుండా డ్యూటీ పడిందట, పాపం పిల్ల నలిగిపోతోంది" అని రాశావు. డ్యూటీ పడలేదు. నలిగింది పిల్ల కాదు, హెట్టీ కారు బంపరు. ఎర్ర సిరాతో దిద్ది పెట్టాను. నలభై ఏళ్ళు బడిపిల్లల భూగోళం నోటుబుక్కులు దిద్దిన చెయ్యి, సొంత డైరీ కదా అని ఊరుకుంటుందా.

సాయంత్రం రోవన్ వచ్చింది. గుమ్మంలో ఉండగానే కోటు నుంచి పొగబెట్టిన చేపల వాసన. ఈ చుట్టుపక్కల ఆ వాసన ఒక్కచోటే అంటుకుంటుంది, క్రాస్టర్ రేవులో. క్రాస్టర్ చేపల కోసం ప్రాణం పెట్టే మనిషిని నేను ఒక్కర్తినే ఎరుగుదును. నా వియ్యపురాలు హెట్టీ రెన్విక్.

"నాయనమ్మా, తిట్టకుండా వింటానంటే ఒక మాట చెప్తా."

"తిట్టకుండా వినడం నాకు రాదు. చెప్పు."

చెప్పింది. నిన్న వాళ్ళ అమ్మమ్మకి సముద్రం చూపించడానికి వెళ్ళిందట, ఆవిడ కారులోనే. క్రాస్టర్‌లో కార్లు నిలిపే చోట, ఆగి ఉన్న ఒక ప్లంబరు వ్యానుని గుద్దింది. వ్యాను దీపం పగిలింది. మనుషులకేమీ కాలేదు.

దెబ్బలు తగిలాయా అని అడిగాను. అంతకు ముందు "గురువారమే దొరికిందా" అని అడిగాను. వరస అదీ.

గురువారం నాది. రెండేళ్ళుగా ప్రతి గురువారం రోవన్ వచ్చి, నా కారులో నన్ను ఆనిక్ తీసుకెళ్తుంది. గ్రంథాలయం, ఒక గిన్నెడు సూపు, తిరిగి ఇల్లు. నేను నడపలేక కాదు. నా కళ్ళకేమీ లేదు. ఆ దారి మలుపులంటే విసుగు, అంతే. అందుకనే నా కారు బీమాలో రెండో డ్రైవరుగా దాని పేరు రాయించాను. హెట్టీ బీమాలో కూడా దాని పేరుందని ఇవాళే తెలిసింది.

"ఎప్పట్నించి?"

"అడిగితే చెప్పేదాన్ని కదా నాయనమ్మా."

"మీ అమ్మమ్మ బీమాలో ఎవరి పేర్లున్నాయని పొద్దున లేవగానే ఆరా తియ్యడం నా అలవాటు కాదులే."

ఇకమీదట చేసుకోవాలి.

అక్టోబరు 11, శనివారం

రోవన్ ఫోను.

"అమ్మమ్మ వాళ్ళ బీమా కంపెనీకి చెప్పేసింది. వాళ్ళేమన్నారంటే, నా పేరు ఇంకెవరి పాలసీలో ఉన్నా వాళ్ళకీ చెప్పాలట. అంటే నువ్వు మీ కంపెనీకి చెప్పాలి."

"గుద్దింది ఆవిడ కారు. నా కారు ఆ టైముకి షెడ్డులో నిద్రపోతోంది. దానికేం సంబంధం?"

"కారుతో కాదు, డ్రైవరుతో సంబంధం. నీ పాలసీ పుస్తకం తీసి చూడు. ఏదైనా పుస్తకం చూసి మాట్లాడమని నువ్వే అంటావుగా."

చూశాను. పద్నాలుగో పేజీ. పాలసీలో పేరున్న ఏ డ్రైవరుకైనా, ఎవరి బండిలోనైనా, తప్పు ఎవరిదైనా, పరిహారం అడిగినా అడగకపోయినా, ప్రమాదం జరిగితే తెలియజేయాలి. ఎప్పుడు? "వీలైనంత త్వరగా." ఎవరికి వీలైనంత? ఇలాంటి వాక్యం ఏ పిల్లవాడైనా పరీక్షలో రాస్తే సగం మార్కులు కోసేదాన్ని.

నవంబరు పద్నాలుగున నా పాలసీ గడువు. కొత్తది చేయించేటప్పుడు వాళ్ళే ఫారంలో అడుగుతారు. అప్పుడు చెప్తే చాలు. ఇది బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. దీనికీ హెట్టీకీ ఏ సంబంధమూ లేదు.

పైగా రోవన్‌కి ఇది రెండోది. పోయినేడు మార్చిలో మొక్కల దుకాణం దగ్గర నా కారు వెనక్కి తీస్తూ ఒకాయన కారుని గుద్దింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ నా శుభ్రమైన రికార్డు దాంతో సరి. నేను అప్పుడు ఒక్క మాట కూడా అనలేదు.

అక్టోబరు 12, ఆదివారం

ఆ చేపల్లో ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. హెట్టీ కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉంటాయి. ముళ్ళు ఎవరు ఏరిపెట్టి ఉంటారు?

అక్టోబరు 14, మంగళవారం

హెట్టీయే ఫోన్ చేసింది. వూలర్ నుంచి ఆమె ఫోన్ చేయడం ఏడాదికి రెండుసార్లు, క్రిస్మస్‌కీ, నా పుట్టినరోజు దాటిన రెండో రోజుకీ.

"మ్యూరియల్, ఎలా ఉన్నావు?"

ఆమె అందర్నీ నువ్వంటుంది. నేను ఆమెను ఇరవై నాలుగేళ్ళుగా మీరంటున్నాను. గౌరవం కొద్దీ కాదు.

"బాగున్నాను. మీరెలా ఉన్నారు? మీ బంపరెలా ఉంది?"

"ఒక పక్కకి నవ్వుతున్నట్టుంది. పిల్లని ఏమీ అనకు, పాపం."

"నేనేమంటాను. గురువారం అన్నాను, అంతే."

"బుధవారం వాన మరి. ఏం చెయ్యను?"

"సముద్రం కూడా మీ వీలు చూసుకునే వస్తుందన్నమాట."

నవ్వింది. ఆమెతో వచ్చిన చిక్కే అది, ఏమన్నా నవ్వుతుంది. చేపలెలా ఉన్నాయని అడిగాను. వెన్నలా ఉన్నాయంది. ముళ్ళ సంగతి అడగలేదు. నాకు కొంత ఆత్మాభిమానం ఉంది.

"చిన్న గుద్దే, మ్యూరియల్. కానీ సీటు బెల్టు కుడి భుజాన్ని కోసినంత పని చేసింది. ఇంకా నీలంగా ఉంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటున్నా."

"డాక్టరుకి చూపించండి."

"పిల్ల కూడా అదే అంటోంది. రోజూ రాత్రి ఫోన్ చేసి అడుగుతోంది."

రోజూ రాత్రి.

అక్టోబరు 15, బుధవారం

పొద్దున షెడ్డులోకి వెళ్ళి నా కారులో ఎడమ సీటులో కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. అది ఎడమ భుజం మీదుగా వచ్చింది. దిగి, చుట్టూ తిరిగి, డ్రైవరు సీటులో కూర్చుని పెట్టుకున్నాను. కుడి భుజం మీదుగా వచ్చింది.

రెండుసార్లు చేసి చూశాను.

నడిపింది హెట్టీ. రోవన్ పక్క సీటులోంచి దిగి, ప్లంబరు దగ్గరికి వెళ్ళి, నేనే నడిపానంది. హెట్టీ ఇంటికొచ్చి తన కంపెనీకి అదే చెప్పింది. ఆ చూపుతో కారు ఎందుకు నడిపారని ఎవరూ అడగకుండా, కంటి పరీక్ష లేకుండా, లైసెన్సు పోకుండా.

ఈ పిల్ల ఏడేళ్ళప్పుడు నా పింగాణీ కూజా పగలగొట్టి, నేను చూడకముందే పెంకులు ఒళ్ళో వేసుకుని తెచ్చి చూపించింది. అలాంటిది హెట్టీ కోసం అబద్ధమాడింది. సముద్రం చూపించడం సరే. ముళ్ళు ఏరడం సరే. ఇది వేరు. తన పేరు తీసి హెట్టీ చేతిలో పెట్టింది, జేబురుమాలు ఇచ్చినట్టు. నా కోసమైతే అలా చేసేదా?

పై వాక్యం కొట్టేశాను. అనవసరం.

ఇక నవంబరు దాకా ఆగడం దేనికి? ఇవాళే కంపెనీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. హెట్టీ సంగతి వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. నిజం చెప్పడమే కదా, కక్ష కాదు. ఫోను చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను. వాళ్ళు భోజనానికి వెళ్ళి ఉంటారు.

అప్పుడు టైము పదిన్నర.

అక్టోబరు 16, గురువారం

వచ్చింది. నా గురువారానికి నా మనవరాలు.

కొండ దిగుతుండగా అడిగింది. "మీ కంపెనీకి చెప్పావా నాయనమ్మా?"

"నవంబరులో చెప్తాను. గడువప్పుడు."

"అంతదాకా ఎందుకు? నెలాఖరుకి నా ఫారం ఇవ్వాలి."

ఫారం సంగతి ఇది. రోవన్ ఇప్పుడు రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే బండిలో సహాయకురాలు. వెనక కూర్చుంటుంది. అంబులెన్సు నడిపే ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. ఐదేళ్ళలో జరిగిన ప్రమాదాలన్నీ అందులో రాయాలట.

"మార్చిదొకటి, ఇదొకటి. నేను రాసిందీ బీమావాళ్ళ దగ్గరున్నదీ ఒకేలా ఉండాలి. సరిచూస్తారు."

"రెండుంటే?"

"ఒకటైతే వదిలేస్తారంటున్నారు. రెండైతే నడపనివ్వరు." గేరు మార్చింది. "పర్లేదులే. వెనక కూర్చుని ముసలాళ్ళ చెయ్యి పట్టుకోవడం నాకు బాగానే వచ్చు."

పదహారేళ్ళ వయసు నుంచి ఆ ఉద్యోగమే కావాలంటోంది. ఆ 'పర్లేదులే' నాకు నచ్చలేదు.

"రోవన్, క్రాస్టర్‌లో కారు ఎవరు నడిపారు?"

గొర్రెల మంద దాటేదాకా ఆగింది. 

"ఆ ప్రశ్న నాన్న అడగొచ్చు. అమ్మ అడగొచ్చు. నువ్వు మాత్రం అడక్కు నాయనమ్మా."

ఆనిక్ చేరాం. సూపు ఉప్పగా ఉంది. నేను ఎందుకడగకూడదో నాకు అర్థం కాలేదు.

అక్టోబరు 17, శుక్రవారం

ఇరవై మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలిగితే నడపడానికి కళ్ళు సరిపోతాయి. చట్టం అంతే అడుగుతుంది. గేటు నుంచి అడుగులు లెక్కపెట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ఎదురింటి కారు. మొదటి రెండక్షరాలు చదివాను. ఇంతలో కారు వెళ్ళిపోయింది. లేకపోతే మొత్తం చదివేదాన్నే.

అక్టోబరు 18, శనివారం

దిద్దుబాటు: ఆ కారు కదల్లేదు.

అక్టోబరు 20, సోమవారం

పదహారో తారీకున "అర్థం కాలేదు" అని రాశావు, మ్యూరియల్. దాన్ని దిద్దలేదు. ఎర్ర సిరా అయిపోయింది.

అక్టోబరు 21, మంగళవారం

ఫోన్ చేశాను. నా కంపెనీకి. ఏం చెప్పాలనుకుని చేశానో ఇప్పుడు రాయలేను. హెట్టీ పేరు నాలుక చివర పెట్టుకుని చేశాను, అది మాత్రం నిజం.

ఎత్తినవాడు చిన్నవాడు, గొంతులో జలుబు. నా రెండో డ్రైవరుకి ఒక ప్రమాదం జరిగిందన్నాను.

"అలాగేనండి. ఇది పోయినేడు మార్చిదేనా, వేరేదా?"

"వేరేది."

"ఒక్క నిమిషం. మార్చిది ఇక్కడుంది. మొక్కల దుకాణం. నడిపినవారు, రోవన్. చెప్పినవారు మీరే కదండీ? మీ ఉత్తరం కూడా ఉంది. 'నా మనవరాలు వెనక్కి తీస్తుండగా ఎడమవైపు ఆగి ఉన్న వాహనాన్ని గమనించలేదు.' అవునాండీ?"

చక్కటి వాక్యం. కర్త, కర్మ, క్రియ అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. ఒక్క మాట నిజం కాదు.

మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

ఇప్పుడు రాస్తాను. సిరా ఉంది, ఎప్పుడూ ఉంది.

మార్చిలో వెనక్కి తీసింది నేను. రోవన్ కారులో కూడా లేదు. లోపల నాకోసం ఎరువు సంచీ మోస్తూ వరసలో నిలబడి ఉంది. చప్పుడు విని బయటికొచ్చింది. నేను గుద్దిన కారు అద్దం పగిలి కింద పడి ఉంది, ఆ కారాయన అరుస్తున్నాడు, నేను స్టీరింగు చక్రం పట్టుకుని కూర్చుని ఉన్నాను. రోవన్ సంచీ కింద పెట్టింది. నా వైపు ఒక్కసారి చూసింది. "సారీ అండీ, నేనే నడిపాను. ఇప్పుడే దిగాను" అంది. నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆ ముక్క పదకొండో తారీకునే రాశాను. అందులో దిద్దడానికి ఏమీ లేదు.

నలభై ఏళ్ళు, మాట్లాడకుండా కూర్చున్న పిల్లల్నే ఎక్కువ శిక్షించాను.

ఆ పిల్లకి అంబులెన్సు ఉద్యోగం అందకుండా చేసేది హెట్టీ ఒక్కర్తీ కాదు. సగం హెట్టీ. మొదటి సగం నేను.

ఇంకొకటి కూడా రాయాలి, ఎవరూ చదవరు కాబట్టి. ఇదంతా రాస్తుంటే లోపల చిన్న సంతోషం. మార్చి ముందొచ్చింది. అక్టోబరు తర్వాత. ముందు నా కోసమే చెప్పింది.

సిగ్గుపడాలి. రేపు పడతాను.

అక్టోబరు 22, బుధవారం

రెండు బస్సులు మారి వూలర్ వెళ్ళాను. హెట్టీ తలుపు తీసి, నా ముఖానికి అంగుళం దూరంలోకి వచ్చి చూసింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. టీ పెట్టండి."

వంటింట్లో కూర్చున్నాం. కెటిల్లో నీళ్ళు పోయడానికి వేలు లోపల పెట్టి కొలిచింది. నేను చూడనట్టు ఉండిపోయాను.

"మీ భుజం కుడిదే కదా కోసుకుంది," అన్నాను.

"ఆఁ."

"పక్క సీటులో వాళ్ళకి ఎడమ భుజం కోసుకుంటుంది."

కప్పు కింద పెట్టింది. ఆమె నవ్వకపోవడం ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి చూశాను.

"చెప్పడానికొచ్చావా, చెప్పేశాక వచ్చావా?"

"ఇంకా చెప్పలేదు."

"నేను అడగలేదు, మ్యూరియల్. నా నోరు పెగిలేలోపే దిగిపోయి చెప్పేసింది. ఎంత తేలిగ్గా చెప్పిందంటే, ఇంతకు ముందెక్కడో చేసినట్టే."

"చేసింది."

నాకేసి చూసింది. అంటే నేనున్న దిక్కుకేసి.

"ఎవరికి?"

"పోయినేడు మార్చిలో. మొక్కల దుకాణం."

 నెమ్మదిగా అడిగింది. "అంటే నాకంటే ముందా?"

"పందొమ్మిది నెలలు ముందు."

ఈ వయసులో ఈ విషయానికి ఇంత గర్వపడిన మనిషి ఇంకెక్కడా ఉండదు.

"నేనే మొదటిదాన్ననుకున్నాను," అంది హెట్టీ. ముఖం నిజంగా చిన్నబోయింది. "రెండు వారాలుగా ఏడుస్తూనే, లోపల మురిసిపోతున్నాను. చూశావా, ఆ మ్యూరియల్‌కి ఇలా చేస్తుందా అని."

"నేను కూడా సరిగ్గా అదే అనుకున్నాను."

అప్పుడు నవ్వింది. నేను కూడా. ఆ తర్వాత ఫారం సంగతి చెప్పాను. ఒకటైతే వదిలేస్తారు, రెండైతే నడపనివ్వరు అని. నవ్వు అక్కడితో ఆగింది. పిల్ల ఆమెకి ఆ మాట చెప్పలేదు.

"ఎన్నాళ్ళు టైముంది?"

"మీ పుస్తకంలో ఏముంది, ఎప్పుడు చెప్పాలని?"

"చదవలేను మ్యూరియల్. ఆ అక్షరాలు చీమలు."

చదివి పెట్టాను. ఆమె కంపెనీ కూడా వీలైనంత త్వరగా అనే అంటోంది. వీళ్ళందరికీ ఒకే పంతులు చదువు చెప్పినట్టున్నాడు.

ఎవరు ముందు ఫోన్ చేసి నిజం చెప్పాలన్నదాని మీద కాస్త పెనుగులాట అయింది. మార్చి ముందు కాబట్టి నేనే చేశాను. ఈసారి ఎత్తింది ఒక ఆడమనిషి. మార్చిలో నడిపింది నేనని, రోవన్ కారులో లేదని, నా ఉత్తరం అబద్ధమని చెప్పాను. క్రాస్టర్ ప్రమాదం కూడా రోవన్‌ది కాదని, దాని గురించి ఇప్పుడే వేరే కంపెనీకి వేరే ఆవిడ చెప్పబోతోందని కూడా చెప్పాను.

"ఏడాదిన్నర దాటిందండీ. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదో రాసుకోవచ్చా?"

"మీ పద్నాలుగో పేజీలో వీలైనంత త్వరగా అని ఉంది. నాకు ఇప్పుడే వీలైంది."

రాసుకుంది. పాలసీ రద్దు చేసినా చేస్తారట. రికార్డులో పేరు మాత్రం మారుస్తారు. ఉత్తరం వస్తుంది.

తర్వాత హెట్టీకి నంబరు నొక్కి పెట్టాను. ఆమె చెప్తున్నంతసేపూ బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. ముసలాళ్ళ చెయ్యి పట్టుకోవడం మాకు కూడా వచ్చునన్నమాట.

అక్టోబరు 24, శుక్రవారం

రోవన్ వచ్చింది. కోపంగా వచ్చింది. నిన్న గురువారం కూడా రాలేదు, ఈసారి నిజంగానే డ్యూటీ. వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. అలవాటు చేసుకుంటానన్నాను కదా.

"మీ ఇద్దర్నీ ఎవరు చెయ్యమన్నారు ఇదంతా? నేనడిగానా?"

"మార్చిలో నిన్నెవరడిగారు?"

"నీ లైసెన్సు పోతే ఈ కొండ మీద ఒక్కదానివీ ఏం చేస్తావనుకున్నాను." కోటు కూడా విప్పలేదు. "నీకూ అమ్మమ్మకీ కారు తప్ప ఏముంది?"

"రెండు బస్సులున్నాయి. కిటికీ పక్క సీటు దొరికితే దారి బాగుంటుంది. చూసుకోలేదు ఇన్నాళ్ళూ."

ఏడ్చింది. నేను ఏడవలేదు. దిద్దుబాటు: ఏడ్చాను, అది మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు.

ప్లంబరు దగ్గరికి తనే వెళ్ళి నిజం చెప్పి వస్తానంది. వెళ్ళమన్నాను. ఫారం మళ్ళీ కొత్తగా రాసింది, నా బల్ల మీదే. ఐదేళ్ళలో ప్రమాదాలు: లేవు. ఆ గీత దగ్గర కలం కాసేపు ఆగింది. ఉద్యోగం వస్తుందో రాదో. వస్తే దాని పేరు మీద వస్తుంది, మా ఇద్దరి మచ్చలు మోసుకుని కాదు.

కారు దానికి ఇచ్చేస్తున్నాను. బీమా కూడా దాని పేరునే. రెండో డ్రైవరు అనే చోట ఎవరూ ఉండరు. వచ్చే గురువారం ముగ్గురం క్రాస్టర్ వెళ్ళాలని హెట్టీ ఫోను. ముందు సీటు తనకంది. కాదన్నాను. ఒక వారం నాది, ఒక వారం నీది, మొదటి వారం నాది. ఎందుకో నీకు తెలుసు, అన్నాను.

"నన్ను నువ్వన్నావు, మ్యూరియల్," అంది.

"నోరు జారింది. అలాగే ఉండనీ."

రేపటి పని, మ్యూరియల్, మరిచిపోకు: శనివారం పోస్టాఫీసు పన్నెండింటికే మూస్తారు, కాబట్టి పదింటి బస్సు. లైసెన్సు గోధుమరంగు కవరులో పెట్టి ఉంది, స్వాన్సీలో లైసెన్సుల ఆఫీసుకి తిప్పి పంపించి రసీదు తీసుకో. అక్కడ్నించి మందుల దుకాణానికి వెళ్ళి సన్నమొనల పట్టకారు ఒకటి కొను. మొనలు బాగా కలుస్తున్నాయో లేదో వెలుతురులో పెట్టి, అక్కడున్న అమ్మాయిని చూసి చెప్పమను. చేప ముళ్ళకి అని చెప్పు. సొరుగులో ఉన్నది వద్దు, దానికి వెంట్రుక కూడా దొరకదు.